గంట విమానము, పదిహేను గంటల ప్రయాణము

కువైట్‌కు బయలుదేరు మన కోనసీమ వారిని ప్రయాణము ఎంతసేపని అడిగినచో, "హైదరాబాదు నుండి అయిదు గంటలు" అందురు. అది విమానము గాలిలో నుండు కాలము మాత్రమే. శరీరము గడప దాటినది మొదలు లెక్కించుకొనును.

అమలాపురము నుండి రావులపాలెము మీదుగా గౌతమి దాటి మధురపూడి విమానాశ్రయము చేరుటకు కారులో రెండు, రెండున్నర గంటలు. రాజోలు వారికి మరికొంత అధికము, కొత్తపేట వారికి కొంత తక్కువ. అక్కడి నుండి శంషాబాదు ఆకాశమార్గమున సుమారు 360 కిలోమీటర్లు. గంటకు కొంచెము అటూఇటూ. శంషాబాదు నుండి కువైట్ 3,400 కిలోమీటర్లకు దగ్గర. విదేశీ విమానమునకు మూడు గంటలు ముందుగా చేరవలెను గదా! అన్నియు కలిపిన పదిహేను గంటలగును. అక్కడి గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక నుండుటచే ప్రయాణము తక్కువైనట్లు భ్రమ కలుగును.

విమానము లోపలి గాలి మిక్కిలి పొడిగా నుండును. ఒత్తిడి ఇంచుమించు ఊటీ కొండపై నున్నట్లుండును. రూక్షము, శీతము, చలనము — ఇవన్నియు వాతమును పెంచు గుణములే. ఒత్తిడి తగ్గిన కొలది కడుపులోని వాయువు వ్యాకోచించును. కనుక బయలుదేరుటకు ముందు పనస కూర, శనగపప్పు వంటకములు మాని, వేడి అన్నములో పెసరకట్టు, చారు, కొంచెము నెయ్యి వేసుకొని మితముగా భుజింపవలెను. విమానము దిగునప్పుడు ఏలకులు నములుచు గుటకలు మ్రింగిన చెవుల దిబ్బడ తగ్గును.

మన పెద్ద స్త్రీలు విమానములో మరుగుదొడ్డికి లేవవలసివచ్చునని మంచినీరే మానివేయుదురు. వేగములను ఆపరాదని చరకుడు ఒక అధ్యాయమునే వ్రాసెను. ఇక్కడ ఆ దోషము రెండింతలు: నీరు తగ్గును, కదలికయు తగ్గును.

దీనివలన కలుగు అపాయమును అందరూ తెలిసికొనవలెను. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నవారికి కాలి లోతు సిరలలో రక్తము గడ్డకట్టు అవకాశము పెరుగును. గర్భిణులు, స్థూలకాయులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, క్యాన్సరు రోగులు వైద్యుని అడిగియే బయలుదేరవలెను. మిగిలినవారు గంటకొకసారి లేచి నడచుట, కూర్చున్నచోటనే మడమలెత్తి దించుట చాలును. ప్రయాణమైన కొన్ని వారముల లోపల ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పి పుట్టి, వెచ్చబడినచో, దయచేసి నూనె రాచి మర్దన చేయకుడు. అభ్యంగనమును నిత్యము చెప్పు నేనే ఈ మాట చెప్పుచున్నాను. గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరిన ప్రాణాపాయము. ఆయాసము, గుండెలో నొప్పి తోడైనచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. రెండు కాళ్లకును సమానముగా వచ్చు కొద్దిపాటి వాపు వేరు. అది సాధారణముగా కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకొనిన ఒకటి రెండు దినములలో తగ్గును.

రక్తపోటు, మధుమేహముల మందులు మానరాదు. వాటిని చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. ఇన్సులిన్ వాడువారు వేళల మార్పును వైద్యునితో ముందే నిర్ణయించుకొనవలెను.

ఇక పిల్లలకని కట్టు మూటల సంగతి. ఎండుకొబ్బరి త్వరగా అంటుకొనునది గావున విమానపు సామానులో వేయనీయరు. గసగసాలు మన వంటింట నిద్రకు మందే కాని, ఎమిరేట్సు మొదలగు గల్ఫు దేశములలో మాదకద్రవ్యము క్రింద నిషిద్ధము. వాటివలన చెరసాల పాలైనవారును కలరు. మసాలా పొడులలో కలిసియున్నవేమో కూడ చూచి మరీ కట్టవలెను.