మందు కడిగిన నీళ్లు, మండే ఎండ

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఇందుకూరుపేట మండలం వైపు చూస్తే ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. మధ్యన ఒక గట్టు, ఒక మురుగుకాలువ. కయ్యలో కొట్టిన మందు ఆ కాలువలోకి దిగిందంటే గుంట రైతుకు కంటి మీద కునుకుండదు. ఆ భయం ఉత్తిది కాదు. పురుగూ రొయ్యా కీళ్లకాళ్ల జీవులే, ఒక రకంగా చుట్టాలు. పురుగు నరాలను పట్టే మందు రొయ్య నరాలను వదలదు.

లెక్క వేసి చూద్దాం. ఎకరం గుంటలో నాలుగడుగుల నీరుంటే సుమారు 50 లక్షల లీటర్లు. అందులో అయిదు గ్రాముల విషం కలిస్తే లీటరుకు ఒక మైక్రోగ్రాము. సైపర్‌మెత్రిన్ వంటి మందులు అంతకన్నా తక్కువ మోతాదులోనే రొయ్య జాతిని చంపగలవు. నూటికి పది పాళ్లుండే సైపర్‌మెత్రిన్ సీసాలో అయిదు గ్రాములంటే 50 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసులో సగం. బురద కొంత మందును పట్టేసుకుంటుంది కాబట్టి ప్రతిసారీ అంత నష్టం జరగదు. అయినా సగం టీ గ్లాసే కదా అని ఊరుకోలేం.

ఇలాంటి నీళ్లను వెలుగుతో శుభ్రం చేయొచ్చని రసాయనశాస్త్రం చెబుతోంది. ఆ పని చేసేది టైటానియం డయాక్సైడ్. గోడలకు వేసే తెల్లరంగులో ఉండే పొడి ఇదే. మన భీమునిపట్నం తీరంలోనూ దొరికే ఇల్మనైట్ నల్లఇసుక దాని ముడిసరుకుల్లో ఒకటి. పాతరోజుల్లో ఎండ తగిలే గోడ మీద చెయ్యి రాస్తే తెల్లగా పొడి అంటేది, గుర్తుందా? ఆ పొడి ఎండలో చుట్టూ ఉన్న రంగు జిగురును తినేయడం కూడా అందుకొక కారణం. రంగుల కంపెనీలకు అది తలనొప్పి. అందుకే ఆ కణాలకు ఇప్పుడు సిలికా, అల్యూమినా పూతలు వేస్తున్నారు. నీళ్లు శుభ్రం చేసేవాళ్లకు కావలసింది మాత్రం సరిగ్గా ఆ తిండిపోతుతనమే.

టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా ఈ పదార్థం మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని గమనించి, 1972లో నేచర్ పత్రికలో ప్రకటించారు. అక్కడి నుంచి ఈ విద్య ఊపందుకుంది. అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు కణంలోని ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైకి లేస్తుంది. ఖాళీ అయిన ఆ చోటు పక్కనున్న నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. అప్పుడు పుట్టేదే హైడ్రాక్సిల్ రాడికల్. దాని ఆయుష్షు సెకనులో కోట్ల వంతుల్లో ఉంటుంది, అంత దూకుడు మాత్రం క్లోరిన్‌కూ ఓజోన్‌కూ ఉండదు. ఎదురుపడిన మందు అణువును కొరికి కొరికి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు, కాసిని లవణాలుగా మార్చేస్తుంది. ఇంత చేసినా పొడి ఖర్చవదు. ఈ పని కోసం తయారుచేసే నాణ్యమైన పొడి ఒక్క గ్రాము ఉపరితలం సుమారు 50 చదరపు మీటర్లు. మన కొలతలో ఒకటింబావు సెంటు.

అయితే మురుగుకాలువలో నాలుగు బస్తాలు చల్లేద్దామా? అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. కాలువ నీళ్లు బురదవి, వెలుగు లోపలికి దిగదు. దిగినా, ఎండలో ఈ పొడికి పనికొచ్చే కిరణాలు నూటికి నాలుగైదు పాళ్లే. దానికి తోడు ఇది సముద్రపు ఒడ్డు. ఉప్పునీటిలోని క్లోరైడు కణం మీద చోటు ఆక్రమిస్తుంది, బైకార్బొనేట్ ఆ హైడ్రాక్సిల్ రాడికల్‌ను మింగేస్తుంది, కణాలు ఒకదానికొకటి అంటుకుని గడ్డకడతాయి. గుంటల నీరు ఈ విద్యకు బద్ధశత్రువు.

ఇంకో చిక్కుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. క్లోర్‌పైరిఫాస్ వంటి మందులు విరిగే దారిలో గంధకం పోయి ఆ చోట ఆక్సిజన్ చేరుతుంది. ఆ మధ్యరూపం అసలు మందు కన్నా విషం. పురుగు ఒంట్లో జరిగేదీ అదే, దాన్ని చంపేదీ ఆ రూపమే. అంటే సగంలో ఆపితే మొదటికే మోసం. నీళ్లలో మందు కనబడటం లేదని సంబరపడకుండా, కర్బనం మొత్తం ఎంత తగ్గిందో కొలవాలి. ఈ రంగంలో వచ్చే ఏ ఫలితం చదివినా ముందు నేను వెతికేది ఆ అంకెనే.

హైదరాబాదు ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ)లో దుర్గాకుమారి, సుబ్రహ్మణ్యం బృందం ఐసోప్రోట్యూరాన్ అనే కలుపుమందు మీద సూర్యకాంతితోనే ప్రయోగాలు చేసి 2008లో ప్రచురించింది. వాళ్లు టైటానియం పొడిని వదులుగా కలపకుండా, సన్నని రంధ్రాలున్న అల్యూమినా-సిలికా పదార్థం మీద నిలబెట్టారు. ఆ రంధ్రాలు మందును దగ్గరకు లాగుతాయి. వాడిన తర్వాత నీళ్లలోంచి పొడిని తీయడమూ తేలిక.

పొలం దగ్గర ఇది ఎక్కడ పనికొస్తుందంటే, నా ఓటు మందు కొట్టే పంపు కడిగే చోటుకే. తైవాన్ పంపు ట్యాంకు, ఖాళీ సీసాలు కడిగిన నీళ్లు కొద్దిగానే ఉంటాయి, మందు మాత్రం చిక్కగా ఉంటుంది. మంచినీళ్లతో కడిగితే ఉప్పు బెడద ఉండదు. స్పెయిన్‌లోని అల్మెరియా చుట్టూ ప్లాస్టిక్ పైకప్పుల కింద కూరగాయలు పండిస్తారు. అక్కడ మందు సీసాలు కడిగిన నీళ్లను అద్దాల ముందున్న గాజు గొట్టాల్లో తిప్పి ఎండతో శుభ్రం చేసే ఏర్పాటు పెట్టారు. టైటానియం బదులు ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడే ఫెంటన్ పద్ధతి అది. దానికి కనబడే వెలుగు కూడా కొంత పనికొస్తుంది కానీ నీళ్లను ముందు పుల్లగా చేయాలి, తర్వాత ఆ పులుపు విరగ్గొట్టాలి.

వేసవిలో వేసే ఎడగారు పంటకాలంలో ఎండకు కొదవేమీ లేదు, రోహిణి కార్తెలో గాజుగొట్టం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. పెద్ద పంట నాట్ల వేళ మాత్రం ఈశాన్య రుతుపవనాల ముసురు. ఆ రోజుల్లో కడిగిన నీళ్లను డ్రమ్ములో పోసి, మూతపెట్టి, మబ్బు విడిచేదాకా గట్టు మీదే ఉంచాలి.