"మీరే చెప్పండ్రా" అనే మెదడు, "నేను తేలుస్తా" అనే మెదడు

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మా టీమ్‌ని ప్రాజెక్ట్ టాపిక్ తేల్చమంటే, "మీరే చెప్పండ్రా" అనుకుంటూ వారం పోగొట్టినాం. అందరం తెలివైనోళ్లమే. మరి ఎందుకట్ల?

2018లో జ్యూరిక్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన 'సైన్స్' పత్రికలో వచ్చింది. మెదడు స్కాన్ చేస్తూ అడిగారు: నువ్వే తేలుస్తావా, గ్రూపుకి వదిలేస్తావా? తన ఒక్కడి లాభనష్టమైతే తేల్చేసేవాళ్లు కూడా, అందరిదీ అయ్యేసరికి ఇంకా గ్యారంటీ కావాలనుకున్నారు. ఆ తేడా తక్కువున్నోళ్లకే లీడర్‌షిప్ స్కోర్ ఎక్కువ. రిస్క్ అంటే ఇష్టం ఉండి కాదు!

మా కనగానపల్లి సైడ్ చెనిక్కాయ రైతుని చూడండి. వానకి గ్యారంటీ లేదు. ఇంటిల్లిపాది తిండి తన మీదుందని తెలిసి కూడా, విత్తే రోజు తనే తేలుస్తాడు.

రేపు మీ టీమ్‌లో ఒక్క నిర్ణయం మీరు తీసుకోండి. తప్పైతే "నాదే" అనండి.