హనుమంతుని స్వపరిచయం (వాల్మీకి రామాయణం)

వాల్మీకి రామాయణంలో హనుమంతుడు అపరిచితులకు తనను తాను పరిచయం చేసుకొన్న ఘట్టాలలో రెండు మిక్కిలి ప్రసిద్ధమైనవి. మొదటిది కిష్కింధకాండ 3వ సర్గలో రామలక్ష్మణుల ఎదుట, రెండవది సుందరకాండ 30 నుండి 36 వరకు గల సర్గలలో సీత ఎదుట జరిగినవి. తొలి పలుకులతోనే ఎదుటివారి మన్నన పొందడానికి ఉదాహరణగా తెలుగునాట ప్రవచనాలలోను, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలలోను మొదటి ఘట్టాన్ని తరచు చెబుతారు. అయితే కష్టతరమైనది రెండవదే.

రామలక్ష్మణుల ఎదుట

పంపా తీరాన ఆయుధాలు ధరించి తిరుగుతున్న ఇద్దరిని చూచి, వారు వాలి పంపినవారేమోనని సుగ్రీవుడు భయపడ్డాడు. సంగతి తెలుసుకొని రమ్మని హనుమంతుని పంపాడు. హనుమంతుడు భిక్షువు రూపంలో వచ్చి, నమస్కరించి, వారి రూపాన్ని, ఆయుధాలను ప్రశంసించి, ఎవరని అడిగాడు. వారు బదులు పలుకలేదు. అప్పుడు తానే ముందుగా తమ సంగతి చెప్పాడు. మొదట రాజైన సుగ్రీవుని గురించి, ఆయన కష్టాన్ని గురించి, పిదప తన పేరు, తన రాకకు కారణం. తాను వాయుపుత్రుడైన వానరుడనని, భిక్షువు రూపం పైవేషమేనని కూడా దాచలేదు. అంతటితో మాట ముగించి ఊరకున్నాడు.

రాముడు లక్ష్మణునితో ఆ మాటతీరును మెచ్చుకొన్నాడు. వేదాలు, వ్యాకరణం బాగా నేర్చినవాడే ఇట్లు పలుకగలడని, ఎంతో మాట్లాడినా ఒక్క అపశబ్దం దొరలలేదని అన్నాడు. ముఖంలోను, కన్నులలోను, కనుబొమలలోను ఏ దోషమూ కానరాలేదని, మాట సాగదీయక, సందేహానికి తావీయక, మరీ త్వరగాను మరీ మెల్లగాను గాక మధ్యమ స్వరంలో సాగిందని విశ్లేషించాడు.

సీత ఎదుట

అశోకవనంలో ఇదే పాండిత్యం అడ్డంకి అయ్యేది. ద్విజునివలె సంస్కృతంలో పలికితే సీత తనను రావణుడని భ్రమించి కేకవేయవచ్చు, రాక్షస స్త్రీలు మేల్కొనవచ్చు, వచ్చిన పని చెడవచ్చు. చెట్టు చాటున హనుమంతుడు దీనినే దీర్ఘంగా ఆలోచించి, సామాన్య మానవుల మాటలో పలకాలని నిశ్చయించుకొన్నాడు. ఆ భాష ఏదో వాల్మీకి పేరు చెప్పలేదు. తన పేరుతో గాక దశరథుని ప్రస్తావనతో మొదలుపెట్టి, రామకథను తాను సీతను కనుగొన్నంత వరకు చెప్పాడు.

అయినను అనుమానం తీరలేదు. దగ్గరకు రాగానే ఇతడు రావణుడేనని ఆమె భయపడింది. రావణుడు ఆమెను అపహరించడానికి వచ్చినది సన్యాసి వేషంలోనే. రాముని ఎదుట ఏ కీడూ చేయని భిక్షువు రూపం ఇక్కడ మరింత భయపెట్టి ఉండేది. రామలక్ష్మణుల లక్షణాలు చెప్పమని సీత అడిగింది. హనుమంతుడు రాముని అవయవ లక్షణాలతో సహా వివరించి, సుగ్రీవునితో స్నేహం కుదిరిన తీరును కూడా తెలిపిన పిమ్మట 35వ సర్గ చివర ఆమెకు నమ్మకం కలిగింది. రామనామాంకితమైన ఉంగరాన్ని ఆ తరువాతనే, 36వ సర్గలో, ఆమె చేతికి ఇచ్చాడు.