శీతకాలమున ట్రాక్టరు ఇంజనుకు తగిన నూనె

ధనుర్మాసమున తెల్లవాఱుజామున పామర్రు చుట్టునుగల పొలములమీద పొగమంచు దట్టముగ పఱచుకొనియుండును. సార్వా వరి కోతలై, కుప్పల నూర్పిడియు, ధాన్యము తోలుటయు ముమ్మరముగ సాగు దినములవి. అట్టి వేళ ట్రాక్టరు మొరాయించినచో, నూనె చలికి గడ్డకట్టినదని కొందఱు, పలుచని నూనె పోయవలెనని కొందఱు, ఉన్న నూనెలోనే కొంచెము కిరసనాయిలు కలిపిన చాలునని మఱికొందఱు చెప్పుదురు. ఇంజను ఒక్కసారి పట్టివేసినచో దానిని విప్పి బాగుచేయించుటకగు వ్యయము చిన్న కమతముగల రైతునకు పంటమీది మిగులును హరింపగలదు. కనుక ఈ మాటలలో నిజమెంతయో తెలిసికొనుట మనకెల్లరకు నవసరము.

ఎద్దుబండి యిరుసునకు కందెన పెట్టనిచో చక్రము కీచుమని యఱచుననియు, ఇరుసు అరిగిపోవుననియు మన పెద్దలెఱుగుదురు. ఇంజనులో నూనె చేయు మొదటి పనియు నిదియే. అయితే బండిచక్రము మెల్లగ తిరుగును. ట్రాక్టరు ఇంజనులోని క్రాంకు పనివేళ నిమిషమునకు సుమారు రెండువేల చుట్లు తిరుగును. ఇనుమును ఇనుము తాకకుండ నడుమ పలుచని పొరయై నిలుచుట, పిస్టనుల వేడిని కొంత గ్రహించి కొనిపోవుట, మసిని తనలో నిలుపుకొనుట, తుప్పును వారించుట, ఇవన్నియు నూనె పనులే. ఆ పొర మిక్కిలి పలుచనైనచో తెగును. నూనె మిక్కిలి చిక్కనైనచో సన్నని దారులగుండ వేళకు చేరదు. నూనె నెంచుకొనుటలోని చిక్కంతయు ఇందే యున్నది.

చలికి డీజిలు ఇంజను మొరాయించుటకు నూనె యొక్కటియే కారణము కాదు. 1897వ సంవత్సరమున రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు విజయవంతముగ నడిపిచూపిన యీ యంత్రమున ఇంధనమును ముట్టించుటకు నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని సుమారు పదునాఱవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో అదిమినపుడు పుట్టు వేడికే ఇంధనము మండును. ఇనుము చల్లగ నున్నచో ఆ వేడిలో కొంత గోడలకు పోవును. చలికి బ్యాటరీ బలమును తగ్గును. దీనికి తోడు నూనె చిక్కబడి ఇంజను మెల్లగ తిరిగినచో గాలి చాలినంత వేడెక్కదు. కావున పాతబడిన బ్యాటరీని, వదులైన తీగలను, దుమ్ముపట్టిన గాలి వడపోతను చూడక ముందే నూనెను నిందించుట తగదు.

ఇక చిక్కదనము మాట. బెల్లము వండుచోట చెఱకు పాకమును చూచినవారికి దీనిని వేఱుగ వివరింప పనిలేదు. కాగు పాకము జాఱును, చల్లాఱినకొలది సాగును. నూనె గుణమును అట్టిదే. నూనె డబ్బామీద '15డబ్ల్యు-40' అనియో, '20డబ్ల్యు-40' అనియో ముద్రించియుందురు. డబ్ల్యు అనునది శీతకాలమను ఇంగ్లీషు మాటకు తొలి యక్షరము. దానికి ముందున్న అంకె చలిలో నూనె నడతను, తరువాతి అంకె 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో దాని చిక్కదనమును తెలుపును. ఇవి తరగతుల గుర్తులేకాని డిగ్రీలు కావు. పెక్కుమంది పొరబడునది యిచ్చటనే. 15డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 20 డిగ్రీలయొద్దను, 20డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 15 డిగ్రీలయొద్దను, ఇంజను తిరుగుటకు అడ్డుపడునంత చిక్కబడలేదని పరీక్షించి నిర్ణయింతురు.

మన చలి యెంతది? కృష్ణా డెల్టాలో పుష్యమాసపు రాత్రియందైనను ఉష్ణము 15 డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు. అనగా 20డబ్ల్యు నూనె ఓర్వగల చలికిని మన చలికిని నడుమ సుమారు ముప్పది డిగ్రీల యెడమున్నది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగియందు కొన్ని యేండ్లు ఉష్ణము సున్నకు చేరువగుట కలదు. అచ్చటను ఈ నూనెలు గడ్డకట్టవు. కెనడా మైదానములందు సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలో నిలిపిన యంత్రమునకు 5డబ్ల్యు, 0డబ్ల్యు తరగతుల నూనెలును, ఇంజనును ముందుగ వెచ్చచేయు విద్యుత్సాధనమును కావలసివచ్చును. ఆ యవసరము మనకు లేదు.

కావున మన ప్రాంతమున నూనె నెంచుకొనుటకు చలికంటె వేడియు బరువును ముఖ్యములు. మన నల్లరేగడిలో దమ్ము చేయునపుడును, ఎండకాలపు దుక్కియందును ఇంజను పడు శ్రమకు నూనె పొర నిలువవలెను. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకము 15డబ్ల్యు-40 లేక 20డబ్ల్యు-40 అని చెప్పినచో దానినే సంవత్సరమంతయు వాడవచ్చును. శీతకాలమునకై మార్చ నక్కఱలేదు. కిరసనాయిలు కలుపుట మాత్రము కూడదు. అది నూనె పొరను తెగునట్లు చేసి బేరింగులను పాడుచేయును. చిక్కని నూనె పోసినచో పొగ తగ్గునని తలచి, పుస్తకము చెప్పనిదానిని పోయుటయు మంచిది కాదు. అరిగిన పిస్టను వలయములకు అది చికిత్స కాదు, రోగమును కొన్నాళ్లు కప్పిపుచ్చుటయే.

డబ్బామీద చూడవలసిన రెండవ గుర్తు నూనె యోగ్యతను తెలుపు అక్షరములు. అమెరికా పెట్రోలియము సంస్థ నిర్ణయించిన తరగతులలో 'సి' అను అక్షరముతో మొదలగునవి డీజిలు ఇంజనులకు, 'ఎస్' అను అక్షరముతో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు. సి.ఎఫ్.-4 అనునది 1990లోను, సి.హెచ్.-4 అనునది 1998లోను, సి.ఐ.-4 అనునది 2002లోను వచ్చినవి. పుస్తకము కోరిన తరగతికంటె తక్కువది కొనరాదు. పొగను వడగట్టు సాధనముగల క్రొత్త ఇంజనులకు బూడిద తక్కువగల ప్రత్యేకమైన నూనె కావలయును. అంకెలు సరిపోయి అక్షరములు సరిపోనిచో ఆ నూనె మనది కాదని యెఱుగవలెను. గేరుపెట్టెకును హైడ్రాలిక్ పనులకును పోయు నూనె వేఱు. దానిని ఇంజనులో పోయరాదు.

చలివేళ నూనె మార్చుటకంటె నడిపించు పద్ధతి మేలు చేయును. ఇంజనును కదల్చుటకు ముందు, ట్రాక్టరు చదునైన నేలమీద నుండగా, కొలకఱ్ఱతో నూనె మట్టమును చూడుడు. స్టార్టరును ఒకసారి పది సెకండ్లకు మించి పట్టియుంచక, నడుమ అర నిమిషము విశ్రాంతి నిండు. కదలిన వెంటనే ఇంజనును బిగ్గరగ అఱపింపక, నూనె ఒత్తిడి దీపము ఆఱినపిదప ఒకటి రెండు నిమిషములు మెల్లగ తిరుగనిచ్చి, తరువాత తేలికపనితో మొదలిడుడు. గంటలకొలది ఊరక తిరుగనిచ్చుటయు హానికరమే. వేడెక్కని ఇంజనులో మంటవలన పుట్టిన నీటియావిరి నూనెలో చేరి మడ్డి కట్టును. ఎండకాలమున ఇంజను కాగిపోవునని కొందఱు నీటిదారిలోని థర్మోస్టాటును తీసివేయింతురు. శీతకాలమున ఇంజను వేడెక్కకుండుటకు అదియొక కారణము. నూనె కొలకఱ్ఱమీద పాలవలె తెల్లబడినట్లు కనబడినచో నీరు చేరినదని గ్రహించి, ఇంజనును ఆపి మెకానికునకు చూపవలెను. నల్లబడుట మాత్రము చెడిపోయిన గుర్తు కాదు. మసిని పట్టియుంచు నూనె నల్లబడుట సహజము.

నూనెను మార్చవలసిన వేళను రంగునుబట్టి కాక గంటల లెక్కనుబట్టి నిర్ణయింపవలెను. పెక్కు ట్రాక్టర్లకు ఆ గడువు 250 గంటలు. కొన్నిటి కంతకంటె నెక్కువ. వేడిగ నున్నపుడే పాత నూనెను దింపి, దానితోకూడ వడపోతను మార్చవలెను. దింపిన నూనెను కాలువలో పోయుట మహాపచారము. మన కాలువల నీరే ఊరి చెఱువులను నింపి, త్రాగునీరగుచున్నది.

విద్యార్థులారా! మీ యింట పెద్దలు పొలము పనియందు మిక్కిలి నేర్పరులు. కాని డబ్బామీది యీ చిన్న ఇంగ్లీషు గుర్తులును, ట్రాక్టరు పుస్తకములోని పట్టికలును కొందఱికి కొఱకరానివై యుండును. సంక్రాంతి సెలవులకు ఇల్లు చేరినపుడు ఆ పుస్తకమును వెదకి, కావలసిన అంకెలను, అక్షరములను తెలుగులో ఒక కాగితముమీద వ్రాసి, నూనె డబ్బా లుంచు చోట అంటింపుడు. అంగడివాని మాటయో, ఇరుగుపొరుగుల సలహాయో వచ్చినపుడు మీ తండ్రులు ఆ కాగితమును చూచికొందురు. మీరు నేర్చిన చదువు ఆ యింటి యంత్రమును కాపాడినచో, అది చిన్న ప్రయోజనము కాదు.