అమ్మమ్మ అయితే రంగులు మానాలా?

"మనుమడు పుట్టాడు, అమ్మమ్మవైపోయావు. ఇక ముదురు రంగు చీరలూ, పూలూ తగ్గించు."

గల్ఫ్ క్యాంపులో ఉంటున్న ఒక అన్న కరీంనగర్ దగ్గర పల్లెలో ఉన్న భార్యతో ఫోనులో అన్న మాట ఇది. ఆమెకు నలభై మూడేళ్ళు. వెంటనే జవాబిచ్చింది: "నువ్వు తాతవైనవ్ గదా, నీ జీన్సు ప్యాంటు ఎవరన్న మానమన్నరా?"

ఆ అన్నే ఈ సంగతి మాకు చెప్పి నవ్వాడు. మేమూ నవ్వాం. తర్వాత ఆలోచనలో పడ్డాం.

మన పల్లెల్లో పెళ్ళిళ్ళు తొందరగా అవుతాయి. నలభై దాటగానే అమ్మమ్మలు, నానమ్మలు అయినవాళ్ళు ఎందరో. మనం దూరంగా ఉన్న ఏళ్ళల్లో పొలం చూసుకున్నదీ, బ్యాంకు చుట్టూ తిరిగిందీ, అప్పు తీర్చిందీ, బిడ్డ పెళ్ళి చేసిందీ వాళ్ళే. కాస్త ఊపిరి పీల్చుకుని తనకు నచ్చిన చీర ఒకటి కట్టుకునే వేళకు "ఈ వయసులో నీకెందుకు" అంటే ఆ మనసు ఎంత నొచ్చుకుంటుంది!

మేము ఉంటున్న కాట్‌బస్ జర్మనీకి తూర్పున, పోలండ్ సరిహద్దుకు దగ్గరగా ఉంది. ఇక్కడ సోర్బులు అనే చిన్న జాతి వాళ్ళున్నారు. వెండులు అని కూడా అంటారు. వీధుల పేర్లు జర్మన్‌తో పాటు వాళ్ళ భాషలోనూ రాసి ఉంటాయి. 1937లో నాజీ ప్రభుత్వం వాళ్ళ సంఘం దొమోవినాను అణచివేసింది. కాలం మారేకొద్దీ పడుచువాళ్ళు వెడల్పాటి లంగాలూ, కుట్టుపూల తలగుడ్డలూ మాని పట్నం బట్టలకు మారారు. రోజూ కట్టుకోవడం మానకుండా నిలిచింది ఎక్కువగా ముసలమ్మలే.

నేడు ఆ బట్టలే ఊళ్ళోని వెండిష్ మ్యూజియంలో గౌరవంగా ఉన్నాయి. చలికాలం చివర వచ్చే జాపుస్ట్ పండుగకు చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు అవే కట్టుకుని ఊరేగుతారు. ఆ తలగుడ్డ కట్టడానికి తెలిసిన చెయ్యి కావాలి. పాతకాలపు వేషం అని వదిలేసినది అమ్మమ్మల పట్టుదల వల్లే మిగిలింది.

అంత దూరం ఎందుకు? జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వను మీరు ఫోన్లలో చూసే ఉంటారు. కూలి పనులు చేసుకుని బతికిన ఈ పెద్దావిడ 'మై విలేజ్ షో' వీడియోలతో పేరు తెచ్చుకుంది. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020లో 'బిగ్ బాస్' నాలుగో సీజన్‌కు వెళ్ళినా ఆమెది అదే యాస. పట్నం కోసం మాట మార్చుకోలేదు. వయసైందని మూలనా కూర్చోలేదు.

అమ్మమ్మలందరూ మెరిసే చీరలే కట్టాలని మేము చెప్పడం లేదు. తెల్లని నేతచీర ఇష్టమైతే అదే కట్టుకుంటుంది. మల్లెపూలు ఇష్టమైతే పెట్టుకుంటుంది. ఏది కట్టుకోవాలో తేల్చేది ఆమె. క్యాంపు మంచం మీద కూర్చుని మనం కాదు.

సోదరులారా, ఈ శుక్రవారం ఇంటికి ఫోను చేసినప్పుడు పైసలు, పిల్లల సంగతులు అయ్యాక ఒక్క మాట అడగండి: "నీకే రంగు చీర కావాలి?"

ఆ అన్న ఈసారి ఊరెళ్ళేటప్పుడు చిలకపచ్చ చీర కొన్నాడు. రంగు ఆమే చెప్పింది.