చురుకైన బిడ్డకు లెక్కలు చెప్పుట ఎట్లు?

మన పల్లెల ప్రాథమిక పాఠశాలల్లో అయిదు తరగతులను ఒకరిద్దరు ఉపాధ్యాయులే చూసుకోవలసి వస్తుంది. బోర్డు మీద లెక్క రాసి సారు రెండవ తరగతి వైపు తిరిగేలోగా నాలుగవ తరగతిలో ఒక బిడ్డ జవాబు రాసి నోటుబుక్కు మూసేస్తుంది. ఇక ఆమెకు పని లేదు. పక్కపిల్ల జడ లాగుతుంది, కిటికీలోనుండి చూస్తుంది, సంబంధం లేని ప్రశ్న అడుగుతుంది. అల్లరిదని పేరు పడుతుంది. ఆ అల్లరిలో సగం ఆకలే అని మా అభిప్రాయం.

అటువంటి బిడ్డకు మనం సాధారణంగా రెండు పనులు చెబుతాము. ఒకటి, పై తరగతి పుస్తకం చేతికివ్వడం. అప్పటికి ముచ్చటగానే ఉంటుంది. వచ్చే ఏడు అదే పాఠం మళ్లీ వినవలసి వచ్చినప్పుడు విసుగు రెట్టింపవుతుంది. రెండవది, తోటివారికి ఎక్కాలు చెప్పమనడం. ఇది మన వీధిబడుల పాత పద్ధతే. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన పాదిరి ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాస్తూ నేర్చుకోవడం చూశాడు. పిల్లలచేత పిల్లలకు చెప్పించి, ఆ అనుభవాన్ని 1797లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ పద్ధతి ఇంగ్లండు బడులకు కూడా పాకింది. ఇందులో మేలు లేకపోలేదు, చెప్పేవారికి పాఠం గట్టిపడుతుంది. కాని రోజంతా ఇతరులకు వడ్డించే బిడ్డ తానెప్పుడు తినాలి?

ముందుకు పరుగెత్తించడం కంటె లోతుకు దించడం మేలు. తొమ్మిదో ఎక్కమే తీసుకోండి. 18, 27, 36, 54, వీటిలో దేని అంకెలు కూడినా తొమ్మిదే వస్తుంది. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలుసు. ఎందుకని అడిగేవారే తక్కువ. చింతగింజలు తెచ్చి 27 లెక్కపెట్టించండి. పదేసి గింజల కుప్పలు రెండు, విడిగా ఏడు. ఒక్కొక్క కుప్పనుండి ఒక్క గింజ తీస్తే కుప్పలో తొమ్మిది మిగులుతాయి. తీసిన రెండూ విడిగా ఉన్న ఏడుతో కలిస్తే మరొక తొమ్మిది. 54 బిడ్డనే చేయనివ్వండి. తరువాత 99 ఇవ్వండి. అంకెలు కూడితే 18 వస్తుంది. మరి నియమం తప్పిందా? జవాబు మీరు చెప్పవద్దు. ఆ ఒక్క ప్రశ్నకు ఒక పూట పట్టినా పరవాలేదు, ఆలోగా సారు రెండవ తరగతిని చూసుకోవచ్చు.

చదువురాని తల్లిదండ్రులు మేమేమి చేయగలమంటారు. "ఎట్లొచ్చింది బిడ్డా, నాకు చెప్పు" అని అడగగలరు గదా! అయితే ఒప్పు జవాబుకూ తప్పు జవాబుకూ అదే ప్రశ్న అడగాలి. తప్పుకు మాత్రమే అడిగితే, ఆ మాట వినగానే బిడ్డ రబ్బరు తీసి చెరిపేస్తుంది.

ఆలేరు ప్రాంతపు చేనేత ఇండ్లలో లెక్కలకు కొదువ లేదు. పోగులకు ముడులు కట్టి రంగులద్ది నేసే చీరకు ముందుగా ఆసు పోయాలి. అర్ధవృత్తంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి, చీరకు దాదాపు 9 వేల సార్లు. ఎక్కువగా స్త్రీలు చేసే పని ఇది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక 1992లో యంత్రం తయారుచేయడం మొదలుపెట్టి 1999లో పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆరవ తరగతితోనే బడి మానవలసి వచ్చింది.

బడి మానినా పైకి వచ్చాడు గదా అని కొందరు ఆయనను చూపి పిల్లలను పనిలో పెడుతుంటారు. మాకు అది సరిగా తోచదు. ఆయన పట్టుదలతో గెలిచారు. ఆసు ముందు కూర్చుండిపోయిన ఆడపిల్లల్లో ఎందరికి అటువంటి బుర్ర ఉన్నదో ఎవరు లెక్కపెట్టారు?

పేద పల్లె పిల్లల కొరకు ఈ జిల్లాలోనే సర్వేలులో 1971లో గురుకుల పాఠశాల వెలిసింది. అయిదవ తరగతి పిల్లలు రాసే నవోదయ ప్రవేశ పరీక్ష కూడా ఉంది. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అందులో 20 అంకగణితం. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, మూడవ వంతు ఆడపిల్లలకు. దరఖాస్తు గడువు దాటకముందే ప్రధానోపాధ్యాయులను అడగండి.

ఈలోగా ఇంట్లో వేయించడానికి ఒక లెక్క. ఆసు పోసేటప్పుడు చేయి ఒక్కసారికి ఒక మీటరు కదులుతుందనుకుందాం. ఒక్క చీరకే 9 కిలోమీటర్లు, అంటే ఆలేరు నుండి కొలనుపాక దాటిపోతాము. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే ఆ చేయి హైదరాబాదు చేరేది ఎన్నవ రోజున? దూరం మీరు చెప్పకండి. బస్సు కండక్టరునో రైల్వే స్టేషనులోనో అడిగి తెలుసుకొమ్మనండి.