బయోఏరోసాల్

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక అందరి చూపూ కోళ్ల మీదే నిలిచింది. అవి పీల్చే గాలినీ పట్టించుకోవాలి. అందులో తేలే జీవసంబంధ రేణువులే బయోఏరోసాల్.

బ్యాక్టీరియా, వైరస్‌లు, బూజు బీజాలు, వాటి శకలాలు ఇందులో ఉంటాయి. షెడ్డులో ఇవి ఎండిన రెట్ట, ఈకల పొడి, మేత దుమ్ము, నేలపై పరిచిన ఊక నుంచి లేస్తాయి.

5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. కోడికి ఊపిరితిత్తులతో పాటు 9 గాలి సంచులుంటాయి. దుమ్ముతో వెళ్లిన ఈ.కోలై బ్యాక్టీరియా అక్కడ తిష్ఠ వేస్తుంది. ఆస్పర్‌జిల్లస్ బూజు కోడిపిల్లలకు బ్రూడర్ న్యుమోనియా తెస్తుంది. కొన్ని బ్యాక్టీరియా చచ్చినా వదలవు. వాటి కణకవచంలోని ఎండోటాక్సిన్ శ్వాసనాళాల్లో వాపు పుట్టిస్తుంది. రెట్ట నుంచి వచ్చే అమోనియా ఎక్కువైతే, దుమ్మును బయటకు నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. అందుకే అమోనియాను 25 పీపీఎం దాటనివ్వకూడదంటారు.

విరుగుడు పాతదే: షెడ్డులో గాలి ఆడాలి. ఊక తడవకూడదు, దుమ్ము రేగేంతగా ఎండనూ కూడదు. కోళ్లను కిక్కిరిసి ఉంచొద్దు. పనివాళ్లు మాస్కు కట్టుకోవాలి. ఆ గాలి పీల్చేది కోళ్లు మాత్రమే కాదు మరి.